పదకొండో వచనానికి పైన

ఆ రేకుల గదుల వరుసలో గోడకు మేకు కొట్టకూడదు. అలాగని ఎవరూ బోర్డు పెట్టలేదు, చాటింపు వేయలేదు. గని తవ్వకాలకు నేల కుంగి, ఇళ్లు నిలువునా పగిలి, ఊరు ఊరంతా లారీలెక్కి ఇక్కడికి వచ్చిన కొత్తలోనే ఆ కట్టుబాటు దానంతటదే పుట్టింది. మేకు కొట్టడమంటే ఇక్కడే ఉండిపోతామని ఒప్పుకోవడం. అలా ఒప్పుకుంటే దేవుడి మాట మీద నమ్మకం లేనట్టు. అందుకని బట్టలు మూటల్లోనే ఉండేవి. అద్దం కిటికీ చువ్వకు తాడుతో వేలాడేది. గోడ గడియారం గోడ ఎక్కే భాగ్యం లేక, పీట మీద వెల్లకిలా పడుకుని టిక్కుటిక్కుమనేది.

చిన్నకోడలి గదిలో ఒక చెక్క పలక ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో యిర్మీయా గ్రంథంలోని వచనం: "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును... అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." వచ్చిన కొత్తలో సంఘం వాళ్లు గదికొకటి చొప్పున పంచిన పలక అది. వెనక కొక్కెం కూడా ఉంది. మేకు లేదు కాబట్టి అది నేల మీదే, పిండి డబ్బా పక్కన గోడకు చేరబడి ఉంటుంది. ఇల్లు తుడిచేటప్పుడు జరపాలి, తుడిచాక మళ్లీ పెట్టాలి. అడుగున చెమ్మకు చెక్క ఉబ్బి, చివరి అక్షరాల రంగు పెచ్చులూడుతోంది.

రోజూ సాయంత్రం అందరూ గదుల ముందు చేరేవాళ్లు. గనిలో దీపాల గది చూసుకున్న ముసలాయన, అందరూ దీపాల తాత అని పిలిచే మనిషి, ఆ ఒక్క వచనం చదివేవాడు. అందరూ వెనకాలే అనేవాళ్లు. "ఈ ఏడు కాకపోతే పై ఏడు" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. తర్వాత ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు. మూడు వానాకాలాలు అలాగే గడిచిపోయాయి.

చిన్నకోడలు అన్న పేరు కూడా ఆ పాత ఊరి నుంచి వచ్చిందే. పెద్దకొడుకు గనిలో పోయాడు. పెద్దకోడలు పుట్టింటికి వెళ్లిపోయి ఏళ్లయింది. ఇంట్లో మిగిలింది ఒక్క కోడలే అయినా ఈమె చిన్నకోడలుగానే నిలిచిపోయింది. చదివింది ఏడో తరగతి సగం వరకు. తల్లికి జబ్బు చేస్తే "నాలుగు రోజులు మానెయ్యమ్మా" అన్నారు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఇప్పటికీ చదవాలంటే వేలు అక్షరం కింద పెట్టుకుని నడిపించాలి.

అందుకే ఆమెకు కూతురిని చూస్తే భయం. పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. ఆరు నిండాయి. ఇంతవరకు పలక పట్టలేదు. పొద్దంతా నాయనమ్మ మంచం కింద కూర్చుని మూటల ముళ్లతో మాట్లాడుతుంది. ఒక్కో ముడికి ఒక్కో పేరు. అది చూసి అందరూ నవ్వుతారు, తల్లికి మాత్రం నవ్వు రాదు. పిల్ల కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రకం ఆమె. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. కానీ ఈ భయం వేరు. ఇది తన బతుకే మళ్లీ ఇంకో చిన్న ఒంట్లో మొదలవుతోందన్న భయం.

బజారు చివర బడి ఉంది. చిన్నకోడలు వెళ్లి అడిగింది. పెద్ద టీచరమ్మ కళ్లద్దాల మీదుగా చూసి చెప్పింది. "ఈ శనివారంతో ఒకటో తరగతి చేర్పులు ఆఖరు. మీ పాపకు ఇప్పటికే వయసు మీరుతోంది. పై ఏడు తెస్తే నేను తీసుకోలేను. చిన్నపిల్లల్లో కూర్చోబెడితే తనూ కూర్చోదు, వాళ్లనీ కూర్చోనివ్వదు."

ఆ ఇంట్లో అత్త మాట కాదని ఆకు కూడా కదలదు. మంగళవారం చిన్నకోడలు కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"అత్తయ్యా, శనివారం ఆఖరంట."

"దేనికి?"

"బడికి."

"ఏ బడికి?" అత్త తెలిసే అడిగింది.

"ఇక్కడ బజారు చివరది."

"మన ఊళ్లో బడి లేదూ? వెళ్లాక అక్కడే వేద్దాం."

"అక్కడ గోడలు కూడా లేవు కదా అత్తయ్యా."

"గోడలదేముంది, కడతారు. దేవుడు మాటిచ్చాక గోడొక లెక్కా?" మంచం మీద లేచి కూర్చుంది అత్త. "నువ్వివాళ బడి అంటావు. రేపు నేను పదండి వెళ్దామంటే 'పరీక్షలున్నాయి అత్తయ్యా' అంటావు. ఎల్లుండి వాడు 'ఇక్కడ పని బాగుందమ్మా' అంటాడు. ఇంక నేనొక్కదాన్నే మూటలు నెత్తిన పెట్టుకుని నడవాలి. నా పెద్దోడు అక్కడ ఒక్కడే పడుకున్నాడు. వాడి పక్కన నా చోటు ఉంది. మీ మామయ్య ఉన్నప్పుడే రాయి పెట్టించాడు. ఆ చోటు నీ కూతురి అక్షరాల కోసం వదులుకోమంటావా?"

చిన్నకోడలు ముక్కలు ఇంకా చిన్నగా తరిగింది.

భర్త బస్సులకు రేకులు బిగించే షెడ్డులో పని చేస్తాడు. వచ్చి చేతులు కడుక్కుంటుంటే మెల్లగా చెప్పింది. ఆయన తువ్వాలుతో ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు వెనక దాక్కున్నాడని ఇద్దరికీ తెలుసు.

"అమ్మ ఎలాగంటే అలాగ."

"మీకంటూ ఒక మాట లేదా?"

"ఉంటే నిన్ను చేసుకునేటప్పుడే చెప్పేవాణ్ణిగా" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "అన్నయ్య పోయాక అమ్మకు ఎదురు చెప్పడం నా వల్ల కావట్లేదే. నన్నేం చెయ్యమంటావు?"

*

చిన్నకోడలు పని చేసేది ఆసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లు ఆవిరి రోలర్ల మధ్య నుంచి వేడివేడిగా బయటికి వస్తాయి. ఇద్దరు చెరో అంచు పట్టుకుని, దగ్గరికి నడిచి, మడిచి, మళ్లీ దూరం జరగాలి. పొద్దుటి నుంచి ఎదురూబొదురూ నడవడమే. ఆమెకు జతగా అవతలి అంచు పట్టేది రేడియో. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, నోరు మూతపడదు కాబట్టి రేడియో.

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి రోలర్ల పైన గోడకు కొత్త కాగితం అంటించి ఉంది. ఆసుపత్రి కొత్త వార్డు తెరిచింది, దుప్పట్లు రెట్టింపయ్యాయి, మనుషులు మాత్రం పెరగలేదు. అందుకు బదులు సూపర్‌వైజరు వాక్యం తెచ్చాడు: "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను."

రేడియో తల వెనక్కి వంచి చదివి, ఫక్కున నవ్వింది.

"ఏంటక్కా?"

"ఇది రాసినాయన అప్పుడెక్కడున్నాడో తెలుసా? జైల్లో. పైన చదివితే తెలుస్తుంది. కడుపు నిండినా సర్దుకోవడం నేర్చుకున్నా, ఎండినా సర్దుకోవడం నేర్చుకున్నా అంటాడు. అంత కష్టానికి కూడా తట్టుకునే బలం ఇచ్చాడు దేవుడు అంటాడు పాపం. డబుల్ డ్యూటీ చేస్తా, దుప్పట్లు పంపండి అనలేదు."

"నీకెలా తెలుసు ఇవన్నీ?"

"హాస్టల్లో పెరిగానుగా. అల్లరి చేస్తే వార్డెనమ్మ అధ్యాయం మొత్తం రాయించేది. సగం బైబిలు రాసేశానంటే చూసుకో నా అల్లరి ఎంతో." దుప్పటి అంచు తెచ్చి చిన్నకోడలి చేతిలో పెట్టింది. "ఒక్కటి నేర్చుకున్నా పిల్లా. ఎవడైనా ఒక్క ముక్క చూపించి పని చెయ్యమంటే, పైన ఏముందో కింద ఏముందో చూడాలి. ఎవరితో అన్నాడు, ఎప్పుడన్నాడు. దేవుడు మనిషితో మాట్లాడుతుంటే మధ్యలో దూరి ఒక్క మాట ఎత్తుకుపోతే ఎలా? నా మొగుడూ అంతే. నేను 'నీ ముఖం చూస్తే జాలేస్తుంది, నువ్వు లేకపోతే బతకలేనని కాదు' అంటే, 'నువ్వు లేకపోతే బతకలేను' అన్నంతవరకే వింటాడు."

చిన్నకోడలు నవ్వింది. నవ్వుతూనే అంచు జారవిడిచింది. వేడి దుప్పటి కాళ్ల మీద కుప్పగా పడింది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా" అంది. మూడేళ్లుగా రోజూ సాయంత్రం వింటున్న వచనానికి పైన ఏముందో తనెప్పుడూ చూడలేదు. తనే కాదు, ఆ వరుసలో ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

*

ఇంటికి వచ్చేసరికి అత్త కునుకు తీస్తోంది. బైబిలు మూటలో ఉంది. ముడి విప్పుతుంటే మంచం కింద నుంచి పిచ్చుక "అమ్మా, దాన్ని లేపకు" అంది. కూతురికి వేలు చూపించి ఊరుకోమని, బైబిలు తీసుకుని గుమ్మంలో వెలుగు పడే చోట కూర్చుంది. ఇరవై తొమ్మిదో అధ్యాయం. మొదటి నుంచి, అక్షరం కింద వేలు పెట్టి నడిపించింది. రాజుల పేర్ల దగ్గర వేలు ఆగిపోయేది. ఆ పేర్లు దాటేసింది. అర్థమైనంతవరకు ఇది: యెరూషలేము వాళ్లను శత్రువులు ఊరు వదిలించి బబులోనుకు తోలుకుపోయారు. అక్కడ మూటలు విప్పకుండా కూర్చున్న వాళ్లకు ప్రవక్త కబురు రాస్తున్నాడు. దేవుడు ఏమంటున్నాడంటే, "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి. తోటలు నాటి వాటి ఫలములు అనుభవించుడి." పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, వాళ్లకూ పెళ్లిళ్లు చెయ్యండి. మిమ్మల్ని తెచ్చిపడేసిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చెయ్యండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు. త్వరలో వచ్చేస్తారని చెప్పే వాళ్ల మాట వినకండి. డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను.

ఆ తర్వాతే పదకొండో వచనం. నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును.

చిన్నకోడలు తప్పు చదివాననుకుంది. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ దిగింది. డెబ్బై డెబ్బైలాగే ఉంది. ముందు ఆమెకు సంతోషమేసింది. బడికి దారి దొరికిన సంతోషం. ఆ వెంటనే అత్త గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. వెనక మంచం మీద అత్త నోరు తెరిచి నిద్రపోతోంది. ఆ నోట్లో పళ్లు ఎన్ని మిగిలాయో, ఆ ఊపిరి ఎంత బరువుగా నడుస్తోందో అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

దీపాల తాత తన గది ముందు కూర్చుని చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని రావడం చూసి చెయ్యి ఆపేశాడు.

"తాతా, పదకొండుకు పైన చదివాను."

ఆయన అద్దాలు ఒళ్లోకి దించాడు. "ఎంతవరకు?" అన్నాడు.

"మొదటి నుంచి."

"కూర్చో."

ఆమె కూర్చోలేదు. "మీకు తెలుసా తాతా?"

"తెలియక ఏం? అరవై ఏళ్లుగా చదువుతున్న పుస్తకం. వచ్చిన కొత్తలో మనవాళ్లు ఎలా ఉండేవాళ్లో నీకు గుర్తులేదా? మీ చినమామ చచ్చిపోదామని రైలు పట్టాల దాకా వెళ్లి వచ్చాడు. ఆడవాళ్లు పొయ్యి వెలిగించడం మానేశారు. ఒక సాయంత్రం వాళ్లను లేపడానికే పుస్తకం తెరిచాను. పైనుంచి చదువుదామనే మొదలుపెట్టాను. 'ఇండ్లు కట్టుకొని' దగ్గర నోరు పెగల్లేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. పదకొండుకు దూకేశాను." అద్దాలు పెట్టుకోబోయి మళ్లీ తీశాడు. "ఒక్కరోజుకే దూకానమ్మా. మర్నాడు వెనక్కి రావడం చేతకాలేదు."

"మరి ఆ వచనం అబద్ధమా?"

"ఛ. అబద్ధమెందుకవుతుంది? అది పొడుగు మాట. మనం మనకు సరిపడా కోసుకున్నాం. తిరిగొచ్చింది వాళ్ల మనవలు. మనవలు ఉండాలంటే ముందు వీళ్లు అక్కడ బతకాలి కదా. గోడ కట్టాలి, విత్తనం వెయ్యాలి, పిల్లల్ని పెంచాలి. మంచి ఉద్దేశం అంటే ఆయన చెప్పింది అది. రేపు లారీ వస్తుందని కాదు." ఆయన గొంతు తగ్గింది. "దానికి ముందు అధ్యాయం కూడా చదువు. అక్కడ ఒకాయన రెండేళ్లలో అందరూ వచ్చేస్తారని చెబుతాడు. జనానికి ఆయనంటే ఎంత ఇష్టమో."

"ఆయనేమయ్యాడు?"

"ఆ ఏడే పోయాడు. నాకే ఇంకా ఆ పోవడం కుదరట్లేదు."

ఆమెకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ ముసలి మెడ మీద నరం కొట్టుకోవడం చూస్తుంటే ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అత్తయ్యకు మీరు చెప్పండి తాతా. శనివారంలోగా."

"నేను చెబితే చచ్చిపోతుంది. నువ్వు చెబితే కోప్పడుతుంది. కోప్పడితే మంచిది కదా."

*

గురువారం అలాగే గడిచిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికి కూడా తెరిపి ఇవ్వలేదు. రేకుల మీద చినుకుల మోతకు మనిషి మాట మనిషికి వినపడడం లేదు. ఆ రోజు గదుల ముందు ఎవరూ చేరలేదు. అత్త మంచం గోడవైపు జరిపించుకుని, కాళ్లకు దుప్పటి కప్పుకుంది.

"అమ్మాయ్, ఇవాళ నువ్వు చదువు మన వాక్యం. వినకపోతే నిద్ర పట్టదు నాకు."

భర్త గుమ్మం దగ్గర తడిసిన చెప్పులు బోర్లిస్తున్నాడు. పిచ్చుక నాయనమ్మ కాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది. చిన్నకోడలు బైబిలు తెరిచింది. పదకొండు మీద వేలు పెట్టింది. అక్కడి నుంచి చదివేసి మూసేయొచ్చు. అలా చదివితే ఇవాళ గడిచిపోతుంది. రేపూ గడిచిపోతుంది, బడి వాళ్లు తలుపు మూసేస్తారు. వేలు పైకి జరిపింది.

ఆమె చదవడం మొదలుపెట్టిన కాసేపటికే అత్త, "ఇది కాదు. మనది చదువు" అంది.

"దానికి పైదే అత్తయ్యా. అక్కడికే వస్తున్నా."

ఇండ్లు. తోటలు. కుమారులు, కుమార్తెలు. వాన మోతలో ఆమె గొంతు పెంచాల్సి వచ్చింది. చదవడం సరిగా రాని మనిషి అరిచి చదువుతుంటే దెబ్బలాటలా ఉంటుంది. భర్త చెప్పులు వదిలేసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే..."

"ఆగు. ఎన్ని?"

"డెబ్బై."

"డెబ్బై రోజులా?"

"ఏళ్లు అత్తయ్యా."

అత్త కాసేపు రేకుల వైపు చూసింది. ఆ తర్వాత ఆమె మొహం మాడిపోయింది. "శనివారం కోసం చదివావు కదూ ఇదంతా?"

చిన్నకోడలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పుస్తకంలో ఉన్నదే చదివాను అత్తయ్యా. కానీ అవును, శనివారం కోసమే చదివాను."

"చూశావురా?" అంది అత్త కొడుకుతో. "ఏడో తరగతి చదువు నాకు దేవుడి మాట నేర్పుతోంది. పో, పోయి దీపాలాయన్ని పిలుచుకురా. ఆయన చెప్పనీ."

భర్త వానలోనే వెళ్లాడు. దీపాల తాత గొడుగు కింద సగం తడిసి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినా మొదట పీట వేయించి, టీ పెట్టమనే అత్త, ఆయన్ని లోపలికి రమ్మని కూడా అనలేదు.

"ఇది చదివింది అందులో ఉందా?"

"ఉందమ్మా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి సాయంత్రం నుంచి."

గొడుగు నుంచి నీళ్లు కారి గుమ్మంలో మడుగు కట్టాయి. అత్త దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఆ బబులోనుకు పోయినవాళ్లలో నాలాంటి ముసలివాళ్లు ఉన్నారా?"

"ఉండే ఉంటారు."

"వాళ్లెవరైనా వెనక్కి వచ్చారా?"

దీపాల తాత చిన్నకోడలి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "రాలేదమ్మా" అన్నాడు. "ఎవరైనా వచ్చారంటే అప్పుడు పసివాళ్లుగా ఉన్నవాళ్లే. మిగతా అందరూ అక్కడే."

"ఊఁ" అంది అత్త. "పో, తడుస్తున్నావు."

ఆయన వెళ్లాక ఎవరూ అన్నం సంగతి ఎత్తలేదు. పిచ్చుక ఎప్పుడో నిద్రపోయింది. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. అలిగిందనుకుని చిన్నకోడలు దీపం తగ్గించబోయింది. అప్పుడు అత్త, వీపు అలాగే ఉంచి, మామూలుగా ఉప్పు ఎక్కడుందని అడిగినట్టు అడిగింది.

"ఈ ఊళ్లో మనవాళ్లను ఎక్కడ పెడుతున్నారు?"

ఎవరి సంగతో చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అడుగుతున్నది చచ్చిపోయినవాళ్ల గురించి. వచ్చాక ఆ వరుసలో ముగ్గురు పోయారు. మున్సిపాలిటీ శ్మశానంలో ఒక మూల పెట్టారు. వెళ్లేటప్పుడు వాళ్లనీ తీసుకెళ్దామని సిలువ కూడా పాతలేదు, గుర్తుకు ఇటుకలు పేర్చారు. ఆ ఇటుకలు ఇంకా ఉన్నాయో లేదో ఎవరూ వెళ్లి చూడలేదు.

"బైపాసు అవతల అమ్మా" అన్నాడు భర్త.

"నీడ ఉందా?"

"ఏమో. చూస్తాను."

"చూడు" అంది అత్త.

*

తెల్లారి చిన్నకోడలు లేచేసరికి అత్త అప్పటికే మంచం మీద కూర్చుని ఉంది. పిచ్చుకను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జుట్టు చిక్కు తీస్తోంది. పిల్ల "అబ్బా, నాయనమ్మా" అని మెలికలు తిరుగుతోంది.

"కదలకు. బడికెళ్లేదానివి ఇలాగే వెళ్తావా?"

చిన్నకోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అత్త తలెత్తి చూడలేదు.

"ఏం, గుడ్లప్పగించి చూస్తున్నావు? నూనె తే. వాళ్లు మూసేశాక తీసుకెళ్తావా?"

నూనె సీసా తెచ్చి ఇస్తుంటే అత్త వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి. చిన్నకోడలు ఏదో అనబోయింది. "అత్తయ్యా, నేను..."

"నాతో ఏం అనమాకు" అంది అత్త. "నీ మీద కోపం తగ్గలేదు నాకు. కోపం కోపమే, బడి బడే." జడ ఎంత బిగించి అల్లిందంటే పిచ్చుక కళ్లు సాగిపోయాయి.

బడిలో జనం ఎక్కువగా లేరు. ఆఖరు రోజు వచ్చేవాళ్లు కొద్దిమందే. పెద్ద టీచరమ్మ పిచ్చుకను దగ్గరికి పిలిచి, గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తింది. పిల్ల భయపడలేదు. మూటల ముళ్లతో మాట్లాడే పిల్ల మనుషులతో మాట్లాడదేమోనని రాత్రంతా భయపడిన తల్లి పిల్ల పెదవుల వంకే చూసింది.

"నీ పేరేంటమ్మా?"

చెప్పింది.

"ఏ ఊరు మీది?"

"రేకుల వరుస" అంది పిచ్చుక, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "ట్యాంకు పక్కన గది మాది."

"అంతకుముందు?"

పిల్లకు ప్రశ్న అర్థం కాలేదు. తల్లి వైపు తిరిగి చూసింది. అంతకుముందు అంటూ ఒకటి ఉంటుందని దానికెవరూ చెప్పలేదా? చెప్పారు, రోజూ చెప్పారు. నాయనమ్మ ఆ ఊరి బావి గురించి, బాట గురించి, పెదనాన్న గురించి కథలు కథలుగా చెప్పింది. పిల్ల అవన్నీ కథలే అనుకుంది.

"ఇక్కడిదే రాయండి మేడమ్" అంది చిన్నకోడలు. ఆ మాట అనడానికి ఎంత బలం కావలసి వచ్చిందో ఆమెకే తెలుసు. పెద్ద టీచరమ్మకు ఏమీ తెలియదు, రాసుకుని తలూపింది. ఒక అమ్మాయి వచ్చి పిచ్చుక చెయ్యి పట్టుకుని తరగతిలోకి తీసుకుపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందేమోనని తల్లి గేటు బయట చాలాసేపు నిలబడింది. ఇన్నాళ్లూ అడిగింది ఇదే. దొరికింది. అయినా ఒడి ఖాళీ అయిపోయినట్టు ఉంది.

తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. వాన వెలిసింది కానీ మబ్బు వదల్లేదు. అవతల దీపాల తాత గది తలుపు మూసే ఉంది. ఆ సాయంత్రం ఆయన బయటికి వస్తాడో రాడో, వస్తే ఎక్కడి నుంచి చదువుతాడో వరుసలో ఎవరికీ తెలియదు.

"చేర్చుకున్నారా?"

"చేర్చుకున్నారు అత్తయ్యా."

"ఏడ్చిందా?"

"లేదు."

అత్త తలూపింది. గుమ్మం ముందు మట్టిని కాలి వేలితో కాసేపు గీసింది. "ఏమడిగారు?"

"పేరడిగారు. ఊరడిగారు."

"ఊరు చెప్పిందా పిచ్చుక?"

అత్త ఆమె ముఖంలోకి చూస్తోంది. రాత్రి డెబ్బై అన్నప్పుడు చూసిన కళ్లే అవి. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇమ్మని అడుగుతున్న కళ్లు. మొత్తం చెప్పాలి. నిన్న మొత్తం చదివిన నోరే ఇది.

"చెప్పింది" అంది చిన్నకోడలు. "టక్కున చెప్పింది."

"మన ఊరు మరచిపోలేదన్నమాట" అంది అత్త. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం కాస్త తేటపడింది. గుమ్మం పట్టుకుని లేవబోతుంటే చిన్నకోడలు చెయ్యి అందించింది. ఇద్దరూ లోపలికి నడిచారు.